మోటారు సైకిలు ప్రమాదాలు: గాయం తీవ్రతను నిర్ణయించేది ఏది? – ఒక శతాబ్దపు వైద్య చరిత్ర

ఒకే రహదారిపై, దాదాపు ఒకే వేగంతో వెళ్తున్న ఇద్దరు మోటారు సైకిలుపై నుండి పడిపోతారు. ఒకరు మోకాలి చిప్ప చెక్కుకుపోయినా లేచి నిలబడతారు. మరొకరు స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి చేరుకుంటారు, కొన్నిసార్లు చేరుకోనే చేరుకోరు. అటువంటి వేళ బంధువుల నోట వినవచ్చే మాట ఒకటే: “అంతా తలరాత.” వైద్యవృత్తిలో ఉన్నవారందరూ ఈ మాటను లెక్కలేనన్ని సార్లు విని ఉంటారు. దుఃఖంలో మునిగినవారికి అది కొంత ఊరటనిస్తుంది. ఆ సమయంలో దానికి ఎదురు చెప్పడం సబబు కాదు. కానీ ప్రశాంతంగా ఆలోచించే సమయంలో మాత్రం ఆ మాటను పరీక్షించి చూడవలసిందే.

ప్రమాదం జరగడం ఒక సంఘటన. ఆ ప్రమాదంలో శరీరానికి ఎంత హాని జరిగిందన్నది మరొక సంఘటన. మొదటిదాన్ని మనం ఎల్లవేళలా ఆపలేకపోవచ్చు. రెండవదాన్ని నిర్ణయించే అంశాలను మాత్రం లెక్కించవచ్చు, కొలవవచ్చు, మార్చవచ్చు. ఈ చిన్న సత్యాన్ని గ్రహించడానికి ప్రపంచానికి దాదాపు నూరేళ్లు పట్టింది. ఆ నూరేళ్ల కథనే ఈ వ్యాసంలో మీ ముందుంచుతున్నాను.

కథలోకి వెళ్లే ముందు మన దేశపు లెక్కను ఒకసారి చూద్దాం. కేంద్ర రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది. వారిలో సుమారు 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారే. ఆ ఏడాది హెల్మెట్ లేకుండా ప్రయాణిస్తూ మరణించినవారి సంఖ్య 50,029. వారిలో 14,337 మంది వాహనం వెనుక కూర్చున్నవారు. కాబట్టి ఇది ఎక్కడో పరాయి దేశపు ముచ్చట కాదు, మన ఇంటి గుమ్మం ముందున్న సమస్య.

పందెపు బాట మీద ఒక వైద్యుడు

ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్ అనే పందెపు బాటకు ఎరిక్ గార్డ్‌నర్ అనే వైద్యుడు వైద్యాధికారిగా పనిచేసేవాడు. పందేలలో పడిపోయిన మోటారు సైకిలు రౌతులు మళ్లీ మళ్లీ తలకు దెబ్బలతోనే తన వద్దకు రావడం ఆయన గమనించాడు. కాన్వాసు గుడ్డకు లక్క పట్టించి, గట్టి దెబ్బకు తట్టుకునే టోపీలను తయారు చేయించాడు. పందేలు నిర్వహించే సంఘం మొదట ఆ ఆలోచనను తిరస్కరించింది. ఆ తరువాత మనసు మార్చుకొని 1914లో ఐల్ ఆఫ్ మ్యాన్ ద్వీపంలో జరిగిన ప్రసిద్ధ టీటీ పందేలలో ఆ టోపీని తప్పనిసరి చేసింది. రౌతులు గొణిగారు, అభ్యంతరం చెప్పారు. అయినా పెట్టుకున్నారు.

గార్డ్‌నర్ తరువాత చెప్పిన విషయం ఆసక్తికరమైనది. ఆ ద్వీపంలోని వైద్యాధికారి నుండి ఆయనకు ఒక ఉత్తరం వచ్చింది. పందేల తరువాత ప్రతి ఏడూ మెదడు అదిరిన రోగులు కొందరు తమ ఆసుపత్రికి వచ్చేవారట. ఆ ఏడాది మాత్రం అటువంటి వారు ఒక్కరూ రాలేదట. శిరస్త్రాణం అనే ఆలోచన ఆ విధంగా 1914లోనే ఫలితం చూపింది. కానీ అది పందేలకే పరిమితమైపోయింది. రోడ్డు మీద తిరిగే సామాన్యుడికి అది అవసరమన్న ఊహ ఎవరికీ రాలేదు. పందెగాడికి ప్రమాదం సహజమని, సామాన్యుడికి జరిగేది దురదృష్టమని లోకం భావించింది. ఈ భావన నేటికీ మన మధ్య పూర్తిగా చావలేదు. “పక్క వీధికే కదా” అని హెల్మెట్‌ను ఇంట్లో వదిలి వెళ్లేవారి మనసులో ఉన్నది అదే.

లారెన్స్ మరణం, కెయిర్న్స్ లెక్క

‘లారెన్స్ ఆఫ్ అరేబియా’ చలనచిత్రం చూసినవారికి దాని ప్రారంభ సన్నివేశం గుర్తుండే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పేరు గడించిన టి.ఇ. లారెన్స్ నిజజీవితంలోనూ మోటారు సైకిలు ప్రమాదంలోనే మరణించాడు. 1935 మే 13న ఇంగ్లండులోని డోర్సెట్ ప్రాంతంలో, తన ఇంటికి దగ్గరలో, ఇద్దరు సైకిలు కుర్రవాళ్లను తప్పించబోయి అదుపు తప్పి పడిపోయాడు. తలకు తీవ్రమైన గాయమైంది. ఆరు రోజులు స్పృహ లేకుండా ఉండి మే 19న కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయస్సు 46 సంవత్సరాలు. తలకు రక్షణ ఏదీ లేదు.

ఆయనను పరీక్షించడానికి పిలిపించిన నిపుణులలో హ్యూ కెయిర్న్స్ ఒకరు. ఆస్ట్రేలియాలో పుట్టి, అమెరికాలో హార్వే కుషింగ్ వద్ద మెదడు శస్త్రచికిత్సను అభ్యసించి వచ్చిన వైద్యుడాయన. ఎంతటి నిపుణుడైనా ఛిద్రమైన మెదడును తిరిగి అతికించలేడు. అందుకే, చికిత్సకు లొంగని ఈ గాయాన్ని అసలు కలగకుండా చేయడం ఎలా అన్నదే ఆయన ముందు నిలిచిన ప్రశ్న.

దానికి సమాధానం రెండవ ప్రపంచ యుద్ధకాలంలో దొరికింది. అప్పుడు బ్రిటన్‌లో రాత్రి వేళ వీధిదీపాలు ఆర్పివేసేవారు. చీకటి రోడ్లపై సైనిక వార్తాహరులు మోటారు సైకిళ్ల మీద అతివేగంగా తిరిగేవారు. యుద్ధం మొదలైన తొలి 21 నెలల్లో ఆ దేశంలో 2,279 మంది మోటారు సైకిలు నడిపేవారు, వెనుక కూర్చున్నవారు రోడ్డు ప్రమాదాలలో మరణించారని కెయిర్న్స్ 1941లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన వ్యాసంలో తెలిపాడు. ఆ మరణాలకు ప్రధాన కారణం తల గాయమే. హెల్మెట్ ధరించి ప్రమాదానికి గురైనవారు మాత్రం అప్పటికి ఆయనకు ఏడుగురే కనిపించారు. ఆ ఏడుగురూ బతికారు.

ఏడు అనేది చిన్న సంఖ్య. శాస్త్రపరంగా దానిపై గట్టి నిర్ధారణ చేయడం కష్టం. కెయిర్న్స్‌కు ఈ సంగతి తెలుసు. అయినా ఆ ఏడుగురి విషయంలో ఆయన గమనించిన ఒక అంశం విలువైనది: హెల్మెట్ ఎంతగా చితికిందో చూస్తే దెబ్బ ఎంత బలమైనదో తెలుస్తుంది, అంత బలమైన దెబ్బకు మెదడుకు జరిగిన హాని మాత్రం చాలా తక్కువ. ఆ ఏడాది నవంబరులో బ్రిటిష్ సైన్యం విధి నిర్వహణలో ఉన్న తన మోటారు సైకిలు రౌతులందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసింది. 1946లో కెయిర్న్స్ నెలవారీ మరణాల పటాన్ని ప్రచురించాడు. ఆ ఉత్తర్వు తరువాత మరణాలు తగ్గుముఖం పట్టిన తీరు అందులో కనిపిస్తుంది.

ఇంత స్పష్టంగా కనిపించిన విషయం పౌరులకు చట్టంగా మారడానికి మాత్రం దీర్ఘకాలం పట్టింది. ప్రపంచంలో మొదటగా ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 1961లో హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. కెయిర్న్స్ పనిచేసిన బ్రిటన్‌లో ఆ చట్టం 1973 జూన్ 1న అమలులోకి వచ్చింది. ఆయన 1952లోనే మరణించాడు.

హెల్మెట్ ఎలా కాపాడుతుంది?

హెల్మెట్ అంటే గట్టిగా ఉండే చిప్ప అనే చాలామంది భావిస్తారు. నిజానికి ప్రాణం కాపాడేది ఆ చిప్ప ఒక్కటే కాదు, దాని లోపల నలిగిపోయే మెత్తటి పొర కూడా. దీన్ని అర్థం చేసుకోవడానికి చిన్న లెక్క వేద్దాం.

నిలబడి ఉన్న మనిషి తల సుమారు 1.7 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అంత ఎత్తు నుండి తల నేరుగా నేలకు తగిలితే ఆ వేగం గంటకు దాదాపు 20 కిలోమీటర్లు. బండి ఆగి ఉన్నప్పుడు పడినా ఇదే పరిస్థితి. కాంక్రీటు మీద తగిలిన పుర్రె రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలోనే ఆగిపోతుంది. అదే తలకు, నేలకు మధ్య 25 మిల్లీమీటర్ల మేర నలిగే పొర ఉంటే, ఆగే దూరం ఎనిమిదింతలకు పైగా పెరిగి, తలపై పడే బలం అంతమేరకు తగ్గుతుంది. కొత్త టీవీ పెట్టెలో చుట్టూ పెట్టే థర్మోకోల్ చేసే పని ఇదే. హెల్మెట్ లోపలి పొర కూడా ఆ జాతి పదార్థమే. 1953లో అమెరికాలోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఎఫ్. లాంబార్డ్, దెబ్బ శక్తిని తనలో ఇముడ్చుకొని నలిగిపోయే లోపలి పొర గల హెల్మెట్‌కు పేటెంటు కోరాడు. నేటి హెల్మెట్లన్నీ ఆ సూత్రాన్నే అనుసరిస్తున్నాయి.

ఈ సూత్రం నుండి రెండు ఆచరణయోగ్యమైన విషయాలు తేలుతాయి. ఒకటి, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి పొర నలిగిపోయి ఉంటుంది కనుక దాన్ని మళ్లీ వాడకూడదు. రెండు, లోపల ఆ పొర లేని పలుచని ప్లాస్టిక్ టోపీ పోలీసు జరిమానా నుండి తప్పించవచ్చునేమో గాని దెబ్బ నుండి తప్పించలేదు.

కెయిర్న్స్‌తో కలిసి ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన హోల్‌బర్న్ అనే భౌతిక శాస్త్రవేత్త 1943లో మరొక ముఖ్య విషయాన్ని తెలియజేశాడు. మెదడు మెత్తని పదార్థం, తాటికాయలో ముంజ వంటిది. తల ఒక్కసారిగా మెలితిరిగితే పుర్రె తిరిగినంత త్వరగా మెదడు తిరగలేదు. లోపలి పొరలు ఒకదానిపై ఒకటి జారి, నాడీ తంతువులు, రక్తనాళాలు తెగుతాయి. ఈ విషయాన్ని ఆయన జెలటిన్ నమూనాలతో ప్రయోగాలు చేసి వివరించాడు. పుర్రె పగలకపోయినా, పైకి చిన్న గాయం కూడా కనిపించకపోయినా కొందరు దీర్ఘకాలం స్పృహ లేకుండా ఉండిపోవడానికి ముఖ్య కారణం ఇదే.

లాస్ ఏంజెలెస్ నేర్పిన పాఠాలు

తల సంగతి తెలిసింది. మిగిలిన శరీరం మాటేమిటి? అసలు ప్రమాదాలు ఏ విధంగా జరుగుతున్నాయి? ఈ ప్రశ్నలకు సమగ్రమైన సమాధానం అమెరికాలో 1981లో వెలువడిన ఒక నివేదికలో లభించింది. దాని ప్రధాన రచయిత పేరు హ్యారీ హర్ట్. ఆంగ్లంలో ఆ ఇంటిపేరుకు ‘గాయం’ అనే అర్థం ఉండడం కేవలం కాకతాళీయం. ఆయన బృందం లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో 900 మోటారు సైకిలు ప్రమాదాలను జరిగిన చోటికే వెళ్లి పరిశీలించింది. మరో 3,600 ప్రమాదాల పోలీసు నివేదికలను చదివింది.

ఆ నివేదికలో అందరినీ ఆశ్చర్యపరచిన విషయం వేగం. ప్రమాదానికి ముందు వాహనాల మధ్యగత వేగం గంటకు సుమారు 48 కిలోమీటర్లు; ఢీకొన్న క్షణంలో సుమారు 35 కిలోమీటర్లు. ఇది పందెగాళ్ల వేగం కాదు. పాలు తేవడానికి, పిల్లలను బడిలో దింపడానికి వెళ్లేవారి వేగం. ఇంత మామూలు వేగంలోనే మనుషులు గాయపడుతున్నారు.

రెండవ విషయం: సుమారు నాలుగింట మూడు వంతుల ప్రమాదాలు మరొక వాహనంతో, ఎక్కువగా కారుతో, ఢీకొన్నవే. వాటిలో మూడింట రెండు వంతుల సందర్భాలలో తప్పు ఆ రెండవ వాహనానిదే. “నేను జాగ్రత్తగానే నడుపుతాను” అనుకునేవారు ఈ వాక్యాన్ని మరొకసారి చదవాలి. మన జాగ్రత్త ఎదుటివాడి అజాగ్రత్తను ఆపలేదు.

మూడవది మద్యం. ప్రాణాంతక ప్రమాదాలలో దాదాపు సగం వాటిలో మద్యం పాత్ర ఉన్నదని ఆ నివేదిక తేల్చింది. నాలుగవది శిక్షణ. ప్రమాదానికి గురైనవారిలో 92 శాతం మంది బండి నడపడం తమంతట తామో, ఇంటివారి దగ్గరో, స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవారే. మన ఊళ్లలో చాలామంది బండి నేర్చుకునే పద్ధతి కూడా అదే కదా!

ఐదవది మన బళ్లకు ఎంతో ముచ్చటగా బిగించుకునే క్రాష్ గార్డ్ గురించి. అది పాదానికి, చీలమండకు గాయాలను కొంత తగ్గించింది గాని, మోకాలికి, తొడకు గాయాలను అంతే మేర పెంచిందని వారు గమనించారు. అంటే అది బండికి రక్షణ, మనిషికి కాదు. ఇక హెల్మెట్ వల్ల చూపు తగ్గుతుందని, హారన్ వినిపించదని, మెడ విరుగుతుందని చెప్పే వాదనలకు ఆ 900 ప్రమాదాలలో ఆధారం దొరకలేదు. ముఖాన్ని కూడా కప్పే హెల్మెట్ అన్నిటికంటే మెరుగైన రక్షణ ఇచ్చింది.

చట్టం వచ్చినప్పుడు, పోయినప్పుడు

మందు పనిచేస్తున్నదా లేదా అని తెలుసుకోవడానికి వైద్యులు రెండు విషయాలు చూస్తారు: మందు ఇచ్చినప్పుడు ఏమైంది, ఆపినప్పుడు ఏమైంది? హెల్మెట్ విషయంలో చరిత్ర ఈ రెండు ప్రయోగాలనూ చేసి చూపింది.

అమెరికాలో 1966 చట్టం తరువాత, కేంద్ర ప్రభుత్వం రహదారులకు ఇచ్చే నిధులతో ముడిపెట్టడం వల్ల, 1975 నాటికి 47 రాష్ట్రాలు హెల్మెట్‌ను తప్పనిసరి చేశాయి. వ్యక్తి స్వేచ్ఛ పేరిట వచ్చిన ఒత్తిడికి తలొగ్గి 1976లో అక్కడి పార్లమెంటు ఆ ముడిని తొలగించింది. 1980 నాటికి సగానికి పైగా రాష్ట్రాలు తమ చట్టాలను రద్దు చేశాయి లేదా సడలించాయి. ఆ వెంటనే మోటారు సైకిలు మరణాలు పెరిగాయి. అవే రోడ్లు, అవే బళ్లు, వాటిపై తిరిగేదీ అదే ప్రజలు. మారింది చట్టం ఒక్కటే.

వియత్నాంలో దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో ప్రయోగం జరిగింది. మనలాగే అక్కడా కుటుంబమంతటికీ వాహనం మోటారు సైకిలే. 2007 డిసెంబరు 15 నుండి అన్ని రోడ్లపై హెల్మెట్ తప్పనిసరి అయింది. కొద్ది వారాలలోనే ధరించేవారు 90 శాతం దాటారు. ఎంపిక చేసిన 20 ఆసుపత్రులలో జరిపిన అధ్యయనంలో తల గాయాల ముప్పు 16 శాతం, మరణాల ముప్పు 18 శాతం తగ్గినట్లు తేలింది. అనేక దేశాల అధ్యయనాలను కలిపి పరిశీలించిన కోక్రేన్ సమీక్ష ప్రకారం హెల్మెట్ తల గాయాలను 69 శాతం, మరణాలను 42 శాతం తగ్గిస్తుంది. ఈ రెండు లెక్కల మధ్య తేడా పాఠకులకు వింతగా తోచవచ్చు. హెల్మెట్ పెట్టుకున్న ఒక వ్యక్తికి కలిగే మేలు వేరు, చట్టం వల్ల సమాజం మొత్తానికి కలిగే మేలు వేరు. అప్పటికే కొందరు ధరిస్తూ ఉండవచ్చు. కొత్తగా ధరించినవారిలో కొందరు నాసిరకం టోపీతోనో, బిగించని పట్టీతోనో సరిపెట్టుకొని ఉండవచ్చు.

మన దేశంలో 1988 మోటారు వాహనాల చట్టంలోని 129వ సెక్షను హెల్మెట్‌ను తప్పనిసరి చేసింది. తలపాగా ధరించే సిక్కులకు మినహాయింపు ఇచ్చింది. 2019 సవరణతో జరిమానా రూ.1,000, మూడు నెలల లైసెన్సు రద్దు వచ్చాయి. 2021 జూన్ నుండి ఐఎస్‌ఐ గుర్తు లేని హెల్మెట్ల తయారీ, అమ్మకం నిషిద్ధం. కాగితం మీద మనకు లోటేమీ లేదు.

ముందు, అప్పుడు, తరువాత

1966 తరువాత అమెరికా రహదారి భద్రతా సంస్థకు తొలి అధిపతిగా పనిచేసిన విలియం హాడన్ స్వయంగా వైద్యుడు. ఆయన ప్రమాదాన్ని ఒక వ్యాధిగా చూశాడు. దాన్ని మూడు దశలుగా విభజించాడు: ఢీకొనక ముందు, ఢీకొన్నప్పుడు, ఢీకొన్న తరువాత. ప్రతి దశలోనూ మనిషి, వాహనం, పరిసరాలు అనే మూడింటినీ విడివిడిగా పరిశీలించాలన్నాడు. ఈ దృష్టితో చూస్తే మనం ఇంతవరకు చెప్పుకున్నవన్నీ ఒక క్రమంలోకి వస్తాయి.

ముందు దశలో మద్యం, శిక్షణ, వేగం, వెలుతురు, బ్రేకులు ఉన్నాయి. మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బళ్లకు, చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకు వ్యవస్థ 2019 ఏప్రిల్ నుండి తప్పనిసరి అయింది. రెండవ దశలో వేగమే మళ్లీ ముఖ్యం. వేగం రెట్టింపైతే దెబ్బ శక్తి నాలుగింతలు అవుతుంది. 40 కిలోమీటర్ల వేగానికి, 80 కిలోమీటర్ల వేగానికి తేడా ‘రెండింతలు’ అని మన మనసు అనుకుంటుంది. ఎముకలకు మాత్రం అది నాలుగింతలు. జారిపడి ఖాళీ రోడ్డుపై దొర్లినవారికంటే చెట్టునో, స్తంభాన్నో, లారీనో ఢీకొన్నవారి గాయాలు చాలా తీవ్రంగా ఉంటాయి. వయస్సు కూడా లెక్కలోకి వస్తుంది. రక్తం పలుచబడే మందులు వాడే పెద్దవారికి చిన్న దెబ్బైనా మెదడులో రక్తస్రావానికి దారితీయవచ్చు.

మూడవ దశ మన చేతుల్లో ఎక్కువగా ఉన్నది. ఈ విషయంలో తెలుగు నేలకు ఒక గౌరవం ఉంది: 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదు కేంద్రంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే మొదలై ఇతర రాష్ట్రాలకు విస్తరించింది. గాయపడినవారికి సాయం చేసినవారిని వేధించకుండా 2019 సవరణ చట్టం రక్షణ కల్పించింది. కేసు భయంతో పక్కకు తప్పుకోవలసిన అవసరం ఇక లేదు.

పాఠకులకు కొన్ని సూచనలు

1. ఐఎస్‌ఐ గుర్తు ఉన్న, ముఖాన్ని కూడా కప్పే హెల్మెట్ కొనండి. తలకు బిగువుగా సరిపోవాలి. గడ్డం కింద పట్టీ బిగించకపోతే మొదటి దెబ్బకే అది ఎగిరిపోతుంది.

2. వెనుక కూర్చునేవారికి, నాలుగేళ్లు దాటిన పిల్లలకు కూడా హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి. ఒక పక్కకు కాళ్లు వేసి కూర్చునే స్త్రీలకు పట్టు తక్కువ. చీర కొంగు, చున్నీ చక్రంలో చిక్కుకోకుండా దగ్గరకు కట్టుకోవాలి. వెనుక చక్రానికి ఉండే రక్షణ కవచాన్ని అందం కోసం తీసివేయకండి.

3. కాళ్ల గాయాలు అత్యధికం. చెప్పులకు బదులు మూసి ఉన్న బూట్లు ధరించడం మంచిది.

4. గాయపడినవారు కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. మెడను వంచకండి. ఊపిరి ఆడుతూ ఉంటే హెల్మెట్‌ను లాగకండి.

5. పడి లేచి బాగానే మాట్లాడినవారు కొన్ని గంటల తరువాత మెదడు పైపొరలో రక్తం గూడుకట్టి ప్రమాదంలో పడవచ్చు. పెరుగుతున్న తలనొప్పి, వాంతులు, మత్తు, మాట తడబాటు, ఒక చేయి లేదా కాలు బలహీనపడడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి. “రాత్రికి పడుకుంటే తగ్గిపోతుంది” అనుకోవడం ప్రాణాంతకం.

గార్డ్‌నర్, కెయిర్న్స్, హర్ట్, హాడన్ – వీరెవరూ ప్రమాదాలను పూర్తిగా ఆపలేదు. ఆపగలమని చెప్పనూ లేదు. విధి అని లోకం వదిలివేసినదాన్ని వారు ఓపికగా లెక్కపెట్టారు. వారి లెక్కలు ఇప్పుడు మన దగ్గర ఉన్నాయి. ఇంటి నుండి బయలుదేరే ముందు పట్టీ బిగించుకోవడానికి పట్టేది ఐదు క్షణాలు. మీ ఇంట్లో బండి నడిపే పిల్లలకు ఈ వ్యాసం చదివి వినిపించండి; వెనుక కూర్చునే అమ్మకూ, నాన్నకూ ఒక హెల్మెట్ ఈ వారమే కొనండి.